సాయంత్రపు జాకెట్టు

ఆ బొమ్మలో ఉన్న ఆవిడకి పాదాలు లేవు. మొహం కూడా లేదు. మెడ మాత్రం కొంగ మెడంత పొడుగు. నడుము పిడికిట్లో పట్టేస్తుంది. ఒంటి మీద పొట్టిగా ఏదో తొడుగు, దాని కిందనుంచి నేలదాకా జారిన గుడ్డ. పెన్సిలుతో నాలుగు గీతలు గీసి, వాటి మీద నీలం రంగు నీళ్ళు ఒలకబోసి, ఓ మూల కోడి గీరినట్టు సంతకం చేసి వదిలేశాడు గీసినవాడు. ఇంతోటి బొమ్మకి గాజు పలకా, బంగారు పూత పూసిన చట్రమూను. దాని ముందు నిలబడి విజయనగరం పెద్దమనుషులు "ఆహా" అనేవాళ్ళు. ఎందుకు ఆహా అన్నారో అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పక్కవాడు అన్నాడు కాబట్టి అన్నారు, అంతే.

ఇది అరవైల చివరి మాట. నేనప్పుడు అక్కడి ఆడపిల్లల కాలేజీలో పీయూసీ చదువుతున్నాను. బొమ్మ ఉన్నది ఓ చిన్న జమీందారు గారి బంగళాలో. జమీందారీలు రద్దయిపోయాక ఆ ఇంటివాళ్ళకి కప్పు బాగుచేయించుకునే ఓపిక లేకపోయింది. ముందు గదులు నాలుగింటికీ మ్యూజియం అని బోర్డు కట్టి, ఊరికి దానం చేశామని పేరు తెచ్చుకున్నారు. లోపల తుప్పు పట్టిన కత్తులు, చెదపురుగులు తినేసిన పులి తల, ఎప్పుడో ఆగిపోయిన గోడ గడియారాలు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారే, అక్కడ నిజంగానే గబ్బిలాలు ఉండేవి.

ఆ ఇంటి చిన్నకోడలుగారు యాభైల్లో లండన్ వెళ్ళిందట. అక్కడ గొప్ప గొప్పవాళ్ళకి బట్టలు కుట్టే దొర ఒకడు ఆవిడకోసం ఈ బొమ్మ గీసిచ్చాడట. ఇలా ఉంటుంది, నచ్చితే కుడతాను అని. ఆవిడ బట్ట కుట్టించుకోలేదు. కాగితం మాత్రం పట్టుకొచ్చేసింది. కుట్టని బట్ట బొమ్మకి మ్యూజియంలో చోటు దొరికిందంటే ఆ మ్యూజియం ఏపాటిదో మీరే చూసుకోండి.

దీనంతటికీ ఒక క్యూరేటరు గారు ఉండేవారు. జమీందారు గారి హయాంలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసిపెట్టిన ముసలాయన. ఎండాకాలంలో కూడా కోటు విప్పేవాడు కాదు. నోట్లోంచి ఇంగ్లీషు ముక్క వచ్చినప్పుడల్లా మడమలు పైకి లేచేవి. తెలుగులోకి రాగానే మళ్ళీ నేల మీద పడేవాడు. ఆయన్ని చూసి నవ్వుకోవడం మా కాలేజీ పిల్లలకి ఖర్చులేని కాలక్షేపం.

మా నాన్న జ్వరం వచ్చి పోయి అప్పటికి రెండేళ్ళు. మాది గరివిడి దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. నా చదువుకోసం అమ్మ కుట్టుమిషను నెత్తిన పెట్టుకున్నంత పని చేసి విజయనగరం వచ్చేసింది. ఓ ఇంటి అరుగూ, వెనక ఒక గదీ అద్దెకి తీసుకుని జాకెట్లు కుట్టేది. ఈ ఏర్పాటు మా చిన్నాన్నకి మొదటినుంచీ గిట్టలేదు. ఆయన బావమరిది ఒకడు పెళ్ళికి ఉన్నాడు. వాడికి నన్ను కట్టబెట్టాలని ఆయన ఆలోచన. వాడు పదిమందిలో నిలబడి మాట్లాడలేడు గానీ, పందెం కోడిపుంజుల గురించి మాత్రం పొద్దుగూకేదాకా చెప్పగలడు.

ఆ ఏడు కోతలకి ముందు చిన్నాన్న వచ్చి అరుగు మీద కూర్చుని తేల్చి చెప్పేశాడు.

"ఒదినా, నూర్పులయ్యేదాకా సూస్తాను. ఈలోగా నీకు కుదురైన పనేదైనా దొరికితే సరే, ఉండు. నేదంటే బండి కట్టుకొచ్చి సామాను ఎక్కించీస్తాను. ఆడగుంటని పట్నంలో పెట్టి, ఒంటరి ఆడది మిసను తొక్కుకుంటా బతకతన్నాదంటే మాకెంత నామోసీ!"

అమ్మ ఎదురు చెప్పలేదు. పొలం ఆయన చేతిలో ఉంది, మేం తినే బియ్యం ఆయన పంపేవే. నా చదువు అలా నూర్పుల గడువు మీద వేలాడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో మహిళా మండలివారు ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పే కేంద్రం పెడుతున్నారని తెలిసింది. నేర్పడానికి ఒక టీచరు కావాలి. నెలజీతం ఉద్యోగం, కుర్చీ, బల్ల, గోడకి నల్లబల్ల. చిన్నాన్న నోరు మూయించడానికి అంతకన్నా ఏం కావాలి? అమ్మ వెళ్ళి ప్రెసిడెంటు గారిని కలిసింది. ఆవిడ ఒక పెద్ద ప్లీడరు గారి భార్య. అమ్మ దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. వారం తిరక్కుండా "నా జాకెట్టు అయిందా" అని మనిషిని పంపేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, జాకెట్టు అనే పంపేది.

ఉద్యోగం ఇవ్వాలనుకుంటే ఇచ్చేయొచ్చు. కానీ పెద్దవాళ్ళకి ఏదీ సులువుగా చేస్తే పెద్దరికం కనిపించదు కదా. మ్యూజియంలో బొమ్మ ఉందే, దాన్ని చూసి ఎవరు బట్ట కుట్టుకొస్తే వాళ్ళకే ఉద్యోగం అని ఆవిడ ప్రకటించింది. మండలి వార్షికోత్సవంలో ఆ బట్ట ప్రదర్శిస్తే జిల్లా అంతా చెప్పుకుంటారని ఆవిడ ఆశ. ఉద్యోగం అడిగినవాళ్ళలో మిగతావాళ్ళు ఆ బొమ్మని చూసి దండం పెట్టి వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే మిగిలింది.

ఓ మధ్యాహ్నం అమ్మ మ్యూజియానికి వెళ్ళింది. నేను కాలేజీలో ఉన్నాను. అక్కడ జరిగింది అమ్మ సాయంత్రం వచ్చి చెప్పింది. బొమ్మ కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే, ఇదేటండి బాబూ అని అడిగిందట. క్యూరేటరు గారు మడమలు పైకెత్తి అది చదివి, కిందికి దిగి తెలుగులో చెప్పాడట.

"ఇది జాకెట్టమ్మా. సాయంత్రం వేళ వేసుకునేది."

"సాయంత్రం ఏసుకోడానికి జాకెట్టు ఏరేగా ఉంటాదేటండి?"

"గొప్పవాళ్ళకి అన్నీ వేరేగానే ఉంటాయి."

అంతే ఆయన చెప్పింది. మా వైపు జాకెట్టంటే ఏమిటో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. చీర మీదకి ఆడవాళ్ళు తొడుక్కునేది. రవిక అన్నా అదే, జాకెట్టు అన్నా అదే. కోటుని మేం కోటనే అంటాం. కోటుని జాకెట్ అనే మనుషులు భూమ్మీద ఉన్నారని నాకూ తెలీదు, పీయూసీ ఇంగ్లీషు పాఠాల్లో ఎక్కడా తగల్లేదు. అమ్మ ఆ బొమ్మని చూసి తన లెక్క తను వేసుకుంది. నేలదాకా జారినవి చీర కుచ్చిళ్ళు. పమిట ఏదీ అంటే, జాకెట్టు కనపడాలని గీసినవాడు పమిట తీసేశాడు. పాపం సిగ్గుతో ఆవిడ మొహం గీయించుకోలేదు.

"పాదాలు ఎందుకు లేవమ్మా?" అని అడిగాను.

"కాగితం సాలనేదు గావాల," అంది.

గుడ్డ కొనలేదు. నాన్న కట్టుకున్న పొందూరు ఖద్దరు పంచె ఒకటి పెట్టె అడుగున ఉండేది. సన్న నూలు, ఎర్రంచు. దాన్ని తీసి చాలాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. తర్వాత కత్తెర పెట్టేసింది. కొలతలు నావే తీసుకుంది, బొమ్మలో నడుము సన్నంగా ఉంది, ఇంట్లో సన్నంగా ఉన్నదాన్ని నేనే కదా. మెడ చుట్టూ నిలబడే పట్టీ, మోచేతుల దగ్గర గంటల్లా విచ్చుకున్న చేతులు, ముందు పక్క వాలుగా వేసిన గుండీలు. పంచె ఎర్రంచు విప్పి మెడపట్టీకీ చేతులకీ కుట్టింది. చెప్పకూడదు గానీ బాగుంది. బొమ్మలో ఉన్నట్టుందా అంటే లేదు. బొమ్మ కన్నా బాగుంది.

మండలి సభ మ్యూజియం పెద్ద గదిలోనే పెట్టారు. అమ్మ మూట విప్పి జాకెట్టు పైకి పట్టుకుంది. ప్రెసిడెంటు గారు రెండు క్షణాలు చూసింది. తర్వాత మొదలుపెట్టింది నవ్వడం.

"అయ్యో రాత! జాకెట్ అంటే కోటమ్మా, గౌను మీద వేసుకునే కోటు! ఈవిడ రవిక కుట్టుకొచ్చిందండీ!"

ఆవిడ నవ్వింది కాబట్టి అందరూ నవ్వారు. జాకెట్ అంటే కోటని ఆ గదిలో ఎంతమందికి ముందే తెలుసో నాకు అనుమానమే. ముందు వరసలో ఒకావిడ నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ ఏమైంది?" అని పక్కావిడని అడగడం నేను విన్నాను. క్యూరేటరు గారు కూడా నవ్వాడు, జాకెట్టని చెప్పిన నోటితోనే. అమ్మ మొహం ఎర్రబడిపోయింది. చేతిలోది బల్ల మీద పెట్టేసి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని ఎవరిదో లంగా కుట్టడం మొదలుపెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఉద్యోగం పోనాదే," అంది కాసేపటికి. "నీ పుస్తకాలు సర్దుకో."

నేను సర్దుకోలేదు. ఆ రోజు ఆ గదిలో నవ్విన ప్రతి మొహాన్నీ తలుచుకుని తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకున్నా తిట్టాలనే ఉంటుంది.

జాకెట్టుని అమ్మ వెనక్కి తెచ్చుకోలేదు. మ్యూజియంలో బొమ్మ పక్కన చిన్నకోడలుగారిది ఒక చెక్క మొండెం ఉండేది, బట్టలు తొడిగి కొలత చూసుకునే రకం. దాని పొట్టంతా ఎలకలు కొరికేశాయి. ఆ కొరుకుళ్ళు కనపడకుండా ఉంటాయని క్యూరేటరు గారు అమ్మ కుట్టిన జాకెట్టు దానికి తొడిగేశాడు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది, కానీ ఎలా పండిందో చెబితే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఢిల్లీ నుంచి ఒకావిడ వచ్చింది. దేశమంతా తిరిగి నేతబట్టల మీద పుస్తకం రాస్తోందట. ప్రభుత్వంలో పలుకుబడి ఉన్న మనిషి. తెలుగు ముక్క రాదు. మా వైపు ముసలమ్మలు ఎప్పుడో కరిగించి మనవరాళ్ళకి పట్టీలు చేయించేసిన మొరటు వెండి కడియాలు చేతులకి వేసుకునేది. దొర గీసిన బొమ్మ చూపిస్తామని ప్రెసిడెంటు గారు ఆవిణ్ణి మ్యూజియానికి తీసుకెళ్ళింది. ఆవిడ బొమ్మ వైపు ఇలా చూసి అలా తల తిప్పేసిందట. లండన్ బొమ్మలు ఆవిడ లండన్‌లోనే చాలా చూసింది. కళ్ళు మాత్రం చెక్క మొండెం మీద నిలిచిపోయాయి. ఇదేమిటి, ఎవరిది, ఎంత పాతది అని ఒకటే ప్రశ్నలు.

మా సభలో నవ్వులపాలైన రవిక అండీ అని చెబితే పోయేది. క్యూరేటరు గారికి అలా చెప్పడం ఎక్కడ వచ్చు? మడమలు లేచాయి. ఇది మా ప్రాంతపు రైతు స్త్రీలు తరతరాలుగా పెళ్ళిళ్ళలో తొడుక్కునే సంప్రదాయ వస్త్రమని ఇంగ్లీషులో చెప్పేశాడు. ఈ సంగతి ఆయనే మా అరుగు మీద కూర్చుని చెప్పాడు, పశ్చాత్తాపంతో కాదు, ఎంత సమయస్ఫూర్తితో గట్టెక్కించానో చూశారా అన్న ధోరణిలో. పక్కన ప్రెసిడెంటు గారు. ఆవిడ మా అరుగు తొక్కడం అదే మొదలు, కొంగుతో ముక్కు మూసుకుని కూర్చుంది.

"ఆవిడ పర్లాకిమిడి వైపు వెళ్ళింది. తిరిగి ఇటే వస్తుంది," అంది ప్రెసిడెంటు గారు. "అది ఏ ఇంటిదో ఆ ఇంటివాళ్ళని చూడాలంటోంది. ఫొటో తీసి పుస్తకంలో వేస్తుందట. మన కేంద్రానికి మిషన్లు కూడా ఇప్పిస్తానంది."

"అయితే నన్నేటి సెయ్యమంటారు?" అంది అమ్మ.

క్యూరేటరు గారు ముందుకి వంగాడు. "ఏమీ చెయ్యక్కర్లేదు. మీ అమ్మగారు ఉన్నారు కదా, ఊళ్ళో. అది ఆవిడ పెళ్ళినాటి జాకెట్టు. అంతే. మేం చెప్పుకుంటాం, మీరు కాదనకుండా ఉంటే చాలు."

అమ్మ ఆయన వంక వింతగా చూసింది. "మాయమ్మ జాకెట్టే తొడగదండి."

"ఇప్పుడు తొడక్కపోతే పోనివ్వండి, అప్పుడు..."

"అప్పుడూ నేదు, ఇప్పుడూ నేదు. ఎప్పుడూ తొడగనేదు."

నిజం. మా వైపు సేద్యం చేసే ఇళ్ళలో అమ్మమ్మ ఈడు ఆడవాళ్ళెవరూ రవిక ఎరగరు. చీరనే రొమ్ముల మీదుగా బిగించి తిప్పి, వెనక్కి లాగి నడుములో దోపేవారు. భుజాలూ వీపూ ఎండకీ వానకీ వదిలేసేవారు. ఆ కట్టుతోనే ఊడ్పులు ఊడ్చారు, కుప్పలు నూర్చారు, పెళ్ళిపీటల మీద కూర్చున్నారు, పిల్లల్ని కన్నారు. ఎవరూ తప్పుగా చూసినవాళ్ళు లేరు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. జిల్లాలో ఏ ముసలమ్మని చూసినా అబద్ధమని తెలిసిపోయే అబద్ధం ఆడాడు ఈ మహానుభావుడు. వాళ్ళ వీధుల్లోంచే ఆ ముసలమ్మలు రోజూ గంపలు మోసుకెళ్ళేవారు. ఎప్పుడైనా తలెత్తి చూస్తే కదా!

"ఢిల్లీలో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడాయన.

ప్రెసిడెంటు గారు లేచి నిలబడింది. "చూడమ్మా, టీచరు ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నీకు ఇష్టమైతే నీకే."

వాళ్ళు వెళ్ళిపోయాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆ రోజు నీ మొహం మీద నవ్వినవాళ్ళకి ఇప్పుడు నువ్వు అబద్ధం ఆడిపెడతావా, బుద్ధి లేదా వాళ్ళకి, సిగ్గు లేదా మనకి అన్నాను. అమ్మ నన్ను అరవనిచ్చింది. అంతా అయ్యాక, "నూర్పులు మొదలైపోనాయని మీ సిన్నాన్న కబురంపినాడు," అంది.

ప్యాసింజరు ఎక్కి ఇద్దరం గరివిడిలో దిగి, అమ్మమ్మ వాళ్ళ పల్లెకి నడిచాం. అమ్మమ్మ వాకిట్లో కందులు చేటతో చెరుగుతోంది. సన్నగా, నల్లగా, ఎండిన తాటికమ్మలా ఉండేది. అమ్మ పక్కన చతికిలబడి అంతా చెప్పింది. అమ్మమ్మ చెరగడం ఆపకుండానే వింది.

"నాను తొడగనిదాన్ని తొడిగినానని సెప్పాలేటి?"

"నువ్వేటీ సెప్పక్కర్లేదమ్మా. ఊరికే నిలబడితే సాలు. మాటలన్నీ ఆలే సెప్పుకుంటారు."

"ఈ గుంట సదువు కోసమేటి?"

"అవును."

అమ్మమ్మ నా వంక చూసింది. ఆవిడకి చదువంటే ఏమిటో తెలీదు. ఆ కోడిపుంజులవాడు ఎవరో మాత్రం బాగా తెలుసు. "నిలబడ్డానికేటే, సేలో దిష్టిబొమ్మ నిలబడ్డం నేదేటి? పద," అని చేట గోడకి ఆనించి లేచింది.

మర్నాడు మేం ముగ్గురం మ్యూజియానికి చేరేసరికి ఢిల్లీ ఆవిడ మెడలో కెమెరా వేలాడేసుకుని సిద్ధంగా ఉంది. ప్రెసిడెంటు గారు పట్టుచీర కట్టుకొచ్చింది. అమ్మమ్మ ఉతికిన ముతక నేతచీర, తన మామూలు కట్టులోనే కట్టుకుంది. లోపలికి రాగానే ఆవిడ కళ్ళు గోడ మీద బొమ్మకేసి వెళ్ళాయి.

"ఓసే, దీనికి కాళ్ళు నేవేటే?"

"నేవమ్మా. నువ్వు మాట్లాడకు," అంది అమ్మ.

ఢిల్లీ ఆవిడ అమ్మమ్మ చేతులు రెండూ పట్టుకుని ఇంగ్లీషులో ఏదేదో అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. ఆ నీళ్ళు నిజమైనవే. తప్పు మనిషిని తప్పు కారణానికి ప్రేమించేవాళ్ళ కళ్ళలో కూడా నీళ్ళు నిజంగానే వస్తాయి. తర్వాత క్యూరేటరు గారి వైపు తిరిగి ఒక మాట అడిగింది. నాకు అర్థమైంది. ఆ జాకెట్టు ఈవిడ ఒకసారి తొడుక్కుంటే ఫొటో తీస్తానంటోంది.

ఇది మా ఒప్పందంలో లేదు. క్యూరేటరు గారు ఆ మాట తెలుగులో చెప్పాడు. అమ్మ గబుక్కున అడ్డం వచ్చింది.

"ఒద్దండి. అది మాత్రం ఒద్దు. పెద్ద మనిసి, అలవాటు నేదు."

ప్రెసిడెంటు గారు అమ్మ చెవిలో అందామనుకుంది గానీ, ఆవిడ గుసగుస కూడా గదంతా వినిపించేది. "ఇంతదాకా వచ్చి ఇప్పుడు చెడగొడతావా? ఉద్యోగం వద్దా నీకు?"

"పదమ్మా, ఎల్లిపోదాం," అంది అమ్మ. నేను అప్పటికే గుమ్మం వైపు తిరిగాను. మా అమ్మ మీద నాకు అంత గౌరవం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

అమ్మమ్మ కదల్లేదు. "ఎల్లిపోతే ఈ గుంటేటవుతాది?" అంది. "తే. ఎలాగ తొడగాలో నాకు తెల్దు. నువ్వే తొడుగు."

పక్క గదిలోకి తీసుకెళ్ళాం. అమ్మమ్మకి రెండు చేతులూ ఒకేసారి ఎత్తాలో ఒకదాని తర్వాత ఒకటి ఎత్తాలో తెలియలేదు. చంటిపిల్లలా రెండూ పైకెత్తి నిలబడింది. అమ్మ ఒక చెయ్యి దూర్చి, రెండో చెయ్యి దూర్చి, గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. రోజుకి అన్ని జాకెట్లు కుట్టే మనిషి మొదటి గుండీనే తప్పు కాజాలో పెట్టి, విప్పి మళ్ళీ పెట్టింది. నా కొలతకి కుట్టినది అమ్మమ్మ బక్క ఒంటికి సరిగ్గా సరిపోయింది. మెడపట్టీ గొంతుకి తగులుతుంటే అమ్మమ్మ రెండుసార్లు దగ్గింది. ఎర్రంచు మీద వేలు పెట్టి, "ఇది మా అల్లుడి పంచె కాదేటి?" అంది. అమ్మ తలూపింది. అమ్మమ్మ చీర కొంగు మళ్ళీ ఎలా దోపుకోవాలో తెలియక చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

ఢిల్లీ ఆవిడ ఆనందంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రెసిడెంటు గారు తనే కుట్టినంత గర్వంగా చూసింది. అమ్మమ్మని కిటికీ వెలుతురులో నిలబెట్టారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కలకి వేలాడేసింది. క్యూరేటరు గారు ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, మెచ్చుకోలుగా తల ఆడించాడు.

"ఇప్పుడు చూడండి, ఎంత మర్యాదగా ఉన్నారో!"

అమ్మమ్మ ఆయన వైపు తిరిగింది. గొంతు ఏమీ పెంచలేదు.

"మరియాద ఇప్పుడొచ్చిందేటి బాబూ? మరి ఇన్నేల్లూ నానేటి? ఒంటి మీద గుడ్డ నేకండా మీ ఈదుల్లో తిరిగినానేటి?"

క్యూరేటరు గారి నవ్వు అలాగే అతుక్కుని ఉండిపోయింది. ఢిల్లీ ఆవిడ కెమెరా దించి, ఆత్రంగా అడిగింది, ఏమంటున్నారు, ఏమంటున్నారు అని. ఆయన మడమలు మెల్లిగా పైకి లేచాయి. పెళ్ళినాటి జాకెట్టు మళ్ళీ తొడుక్కోవడం తనకి చాలా సంతోషంగా ఉందంటున్నారు అని ఇంగ్లీషులో చెప్పాడు. ఢిల్లీ ఆవిడ పొంగిపోయి ఫొటో తీసింది. ఇంకొకటి తీసింది.

అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నా మాట ఆవిడికి ఏటని సెప్పినాడే ఆడు?"

మా ముగ్గురిలో ఇంగ్లీషు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాను. "నీకు చాలా సంతోషంగా ఉందన్నావని చెప్పాడమ్మమ్మా."

అమ్మమ్మ నా చెయ్యి వదిలేసింది.

"నువ్వు సదవతన్న సదువు ఇదేనేటే?"

అమ్మ వచ్చి అమ్మమ్మని పక్క గదిలోకి తీసుకెళ్ళి ఆ గుండీలు విప్పింది. సోమవారం అమ్మ ఉద్యోగంలో చేరింది. అదే రోజు పొద్దున్న ఫస్టు పీరియడు ఇంగ్లీషు క్లాసుకి నేను వెళ్ళాను.